వేశావా?

మాస్టారికి ఇప్పటికీ ఆ తాళంకప్ప కంటబడితే మొహం వేడెక్కుతుంది. ఇత్తడిది, పాతది, దాని తప్పేమీ లేదు. తప్పంతా ఆయన నోటిది.

ఆయన డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. నేర్చుకునేవాళ్ళ పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు పెట్టుకుని, రోజంతా రెండే మాటలు మాట్లాడతాడు: వెయ్యి, తియ్యి. గేరు వెయ్యి, బ్రేకు వెయ్యి, ఇండికేటర్ వెయ్యి. ఏళ్ళు గడిచేసరికి ముందు మాటలు అరిగిపోయి చివరిదొక్కటే మిగిలింది. దేన్ని వెయ్యాలో ఆయన చూపుని బట్టి శిష్యులు గ్రహించేవారు. ఇంట్లోనూ అదే తంతు. "వేశావా?" అని ఆయన అడిగితే, అది గడియో ఫ్యానో కూరలో ఉప్పో భార్యే కనిపెట్టుకోవాలి.

పండగ సెలవుల ముందు కాలనీవాళ్ళందర్నీ కూర్చోబెట్టి ఊదరగొట్టాడు. తాళం వేశాక గట్టిగా లాగి చూడాలి. బండి నడుపుతూ ఫోను ముట్టుకోకూడదు. వెనక సీట్లోవాళ్ళు కూడా బెల్టు పెట్టుకోవాలి. ఏం జరిగినా వాచ్‌మన్ గేటు వదలకూడదు. వాచ్‌మన్ పాత ఫోను స్పీకరు పెడితే తప్ప వినపడదు, కొత్తది కొనిద్దామని ఎవరో అంటే, అది తర్వాత చూద్దామని కొట్టిపారేశాడు.

"మీరెప్పుడు తిరిగొస్తారని ఎవరైనా ఆరా తీశారనుకోండి, అలాంటివాళ్ళ మీద ఓ కన్నేసి ఉంచండి," అని ముగించాడు. అలా అంటూ వెనక వరసలో కూర్చున్న ఎదురింటి టైలరు వైపు చూశాడు. టైలరు కొత్తగా దిగినవాడు, ఒంటరివాడు, నోట్లో నాలుక లేని మనిషి. ముందురోజే "ఎప్పుడొస్తారు మాస్టారూ?" అని అడిగాడు. మాస్టారికి అది చాలు. టైలరు తల దించుకుని చొక్కా గుండీ సవరించుకున్నాడు.

బయల్దేరే రోజు పొద్దున మాస్టారు మేకుకి వేలాడే తాళంకప్ప తీసి, పెట్టెలు మోయడానికి చేతులు ఖాళీగా ఉండాలని దాన్ని ప్యాంటు జేబులో పడేసుకున్నాడు. డిక్కీ సర్దుతుంటే పక్కింటాయన పలకరించాడు. పలకరిస్తే వదిలే రకమా ఈయన? కిటికీ గడియల గురించి అక్కడే నిలబెట్టి పాఠం చెప్పాడు. ఈలోగా భార్య తన తల్లిని నడిపించుకొచ్చి వెనక సీట్లో కూర్చోబెట్టింది. పెద్దావిడకి భుజం నొప్పి, బెల్టు ఒరుసుకుంటుందని సణుగుతోంది.

మాస్టారు స్టీరింగ్ ముందు కూర్చుని, "వేశావా?" అన్నాడు.

"వేశా," అంది భార్య, తల్లి బెల్టు కొక్కెం బిగిస్తూ.

బండి కదిలింది.

చాలా దూరం పోయాక టీకి ఆగారు. మొహం కడుక్కుని చేతిరుమాలు కోసం జేబులో చెయ్యి పెడితే తాళంకప్ప వచ్చింది, తాళంచెవితో సహా. మాస్టారు దాన్ని అరచేతిలో పెట్టుకుని నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

"వేశావా అంటే వేశానన్నావు!"

"అమ్మకి బెల్టు వేశానన్నా. తాళం మీ జేబులో పెట్టుకుని నన్నడుగుతారేంటండీ?"

తప్పు తనదైనప్పుడే మాస్టారి గొంతు పెద్దదవుతుంది. టీ తాగేవాళ్ళంతా గ్లాసులు పట్టుకుని ఇటు తిరిగేలా భార్య మీద విరుచుకుపడ్డాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుంది. ఆ క్షణంలోనే ఆయనకి లోపల ఎక్కడో సిగ్గేసింది కానీ దాన్ని అక్కడే తొక్కేశాడు.

ఫోను చూస్తే వాచ్‌మన్ నుంచి వరసగా మిస్డ్ కాల్స్. ప్రయాణంలో ఫోను సైలెంట్లో పెట్టడం ఆయన నియమం. ఇల్లు ఊడ్చుకుపోయారు, ఇంకేముంది!

"ఎక్కండెక్కండి!" అని బండి వెనక్కి తిప్పాడు. పొద్దున అడిగిన ఆ ఒక్క మాట కూడా ఈసారి అడగలేదు.

ఊరందరికీ ఏం చెయ్యకూడదని చెప్పాడో అవన్నీ ఆయనే చేశాడు. దాటకూడని వైపు నుంచి లారీని దాటాడు. ఒంటి చేత్తో స్టీరింగ్ పట్టుకుని రెండో చేత్తో వాచ్‌మన్‌కి ఫోను కలిపాడు.

"సార్, మీ తలుపు—"

"నువ్వాగు! ముందు నేను చెప్పేది విను. ఆ ఎదురింటి టైలరుగాడి మీద ఓ కన్నెయ్యి. మొదట్నుంచీ వాడి వాలకమే బాగాలేదు. సంచీతో గేటు దాటితే పట్టుకో!"

అంతలో స్పీడు బ్రేకరు. ఆలస్యంగా చూసి బ్రేకు మీద నిలబడ్డాడు. ఫోను ఎగిరి సీటు కింద పడింది. వెనక నుంచి "అమ్మా!" అన్న అరుపు వినబడింది. తిరిగి చూస్తే అత్తగారు ముందు సీటుకి కొట్టుకుని నుదురు పట్టుకుంది. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు కారుతోంది. టీ దగ్గర తీసేసిన బెల్టు ఆవిడ పక్కన ఊరికే వేలాడుతోంది.

"చిన్న గీతేలే నాయనా, కంగారుపడకు," అంది పెద్దావిడ.

తిట్టినా బాగుండేది. గాయానికి గుడ్డ కట్టాక భార్య తల్లికి బెల్టు పెట్టింది. తక్కిన దారంతా మాస్టారు బండిని నెమ్మదిగా నడిపాడు. అద్దంలోకి చూడాలంటే మాత్రం ధైర్యం చాలలేదు.

ఇంటి ముందు టైలరు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, మూసిన తలుపుకి అడ్డంగా. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. కాళ్ళ దగ్గర ప్రయాణపు సంచీ ఉంది.

"వచ్చారా మాస్టారూ," అని లేచాడు. "తలుపు గాలికి కొట్టుకుంటుంటే దగ్గరికి వేశాను. లోపలికి మాత్రం అడుగుపెట్టలేదండి."

ఆ చివరి మాట ఎందుకు చెప్పాడో మాస్టారికి అర్థమైంది.

వాచ్‌మన్ గేటు దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చాడు. "చెప్పనిస్తేగా సార్! గేటు వదలొద్దని మీ రూలాయె, అందుకని ఈయనే కూర్చున్నాడు. మీ ఫోను రాగానే, మీరే మాట్లాడండని తెచ్చి ఈయన ముందే పెట్టా..." అంటూ మధ్యలో ఆగిపోయి నేల చూపులు చూశాడు.

స్పీకరు పెడితే తప్ప వినపడని ఫోను. మాస్టారికి తల కొట్టేసినట్టయింది. టైలరుగాడు, వాలకం, సంచీ అన్నీ విన్నాడన్నమాట. విన్నాక కూడా కదలకుండా కాపలా కూర్చున్నాడు.

"మీ తాళం ఏదైనా వేసి వెళ్ళిపోవాల్సింది," అన్నాడు మాస్టారు.

"వేద్దామనే అనుకున్నానండి. మీరొచ్చి మీ తలుపుకి నా తాళం చూస్తే ఏమనుకుంటారోనని..." టైలరు సంచీలోంచి మెత్తటి గుడ్డ తొడుగొకటి తీశాడు. "పెద్దమ్మగారికి బెల్టు ఒరుసుకుంటోందని మొన్న మీ ఇంట్లోవాళ్ళు అన్నారు. బెల్టుకి తొడగడానికి కుట్టాను. మీరు వెళ్ళేలోపు కుట్టడం కుదరకపోతే వచ్చాకైనా ఇద్దామని ఎప్పుడొస్తారని అడిగాను. పొద్దున ఇద్దామని వస్తే మీరు వెళ్ళిపోయారు, తలుపు బార్లా తీసుంది."

అప్పుడతని చూపు పెద్దావిడ నుదుటి మీద పడింది. చేతిలో తొడుగు అలాగే పట్టుకుని ఆగిపోయాడు.

"మీ ప్రయాణం?" అంది మాస్టారి భార్య.

"బస్సు వెళ్ళిపోయిందమ్మా. మా అమ్మాయి నర్సు. ఈ ఒక్కరోజే సెలవు దొరికింది, రేపు మళ్ళీ డ్యూటీ. మనవరాల్ని ఇంతవరకూ చూడనే లేదు. పర్లేదులెండి."

"నేను దింపుతాను. ఇప్పుడే బయల్దేరదాం," అన్నాడు మాస్టారు.

టైలరు కారు వైపు చూశాడు, పెద్దావిడ నుదుటి కట్టు వైపు చూశాడు. "వద్దులెండి మాస్టారూ," అన్నాడు మెల్లగా.

సగం ఊరికి బండి నేర్పినవాడి బండి ఎక్కడానికి మనిషి భయపడ్డాడు. మాస్టారు ఇన్నేళ్ళ బతుకులో అంత సిగ్గు ఏనాడూ పడలేదు.

"తప్పయిపోయింది," అన్నాడు.

"ఈయన్ని నమ్మి ఎక్కమని నేనూ అనను," అంది పెద్దావిడ. "మా అమ్మాయి నడుపుతుంది, రా నాయనా. నువ్వు నా పక్కన కూర్చుని ఆ తొడుగేదో నా బెల్టుకి తొడిగిపెట్టు. మనవరాల్ని చూడకపోతే ఎలా?"

భార్య చెయ్యి చాచింది. తనే నేర్పి, లైసెన్సు ఇప్పించి, ఒక్కరోజైనా రోడ్డు మీద నడపనివ్వని మనిషి చేతిలో మాస్టారు కారు తాళాలు పెట్టాడు.

ఇంటికి తాళం వేసి లాగి చూసొచ్చి, ఆవిడ పక్క సీట్లో కూర్చున్నాడు. అలవాటుగా కాలు కింద బ్రేకు కోసం వెతికింది. ఈ బండిలో అటువైపు బ్రేకు లేదు.

"ఇంటికి తాళం వేశారా?" అంది భార్య, ప్రతి మాటా విడివిడిగా పలుకుతూ.

"వేశాను."

టైలరు కూడా తన తలుపుకి తాళం వేసుకొచ్చి వెనక కూర్చున్నాడు. అద్దం దించి వాచ్‌మన్‌ని పిలిచాడు.

"మా ఇంటి మీద కూడా ఓ కన్నెయ్యి బాబూ!"

ఎగతాళి కాదు, మామూలుగానే అన్నాడు. వాచ్‌మన్ ఫక్కున నవ్వాడు. పెద్దావిడ నుదురు పట్టుకునే నవ్వింది. స్టీరింగ్ ముందున్న భార్య కూడా నవ్వాపుకోలేకపోయింది.

మాస్టారు మాత్రం తల వంచుకుని, బెల్టు కొక్కెం దొరకనివాడిలా చాలాసేపు వెతుకుతూ ఉండిపోయాడు.