గడ్డకట్టిన ఏట్లో మూడోసారి

అయినా జడ గురించి అడిగినప్పుడే నిజం చెప్పేస్తే పోయేది, రెండు నిమిషాల పని, పైకి ముడేసి టోపీలోకి తోసుకుంటే సరిపోయేది, మెడ దగ్గర రబ్బరు పట్టీ కింద ఏమీ ఉండకూడదు డాక్టర్, ఒక్క వెంట్రుక కూడా, అని వ్యాన్ దగ్గర కాలిన్ చిలక్కి చెప్పినట్టు చెప్పాడు, ఈ ఫైర్ వాళ్ళందరికీ పెద్ద ఆయనే, జుట్టంతా పైకి కట్టేశారా అన్నాడు, కట్టేశాను అన్నాను, పచ్చి అబద్ధం, నడుం దాటిన జడ ఆ పట్టీ కిందనుంచే వీపు మీదకి దిగి ఉంది, ఏం చెయ్యను, అప్పటికే నేను సూట్ వేసుకోవడం కోసం పావుగంటగా అందరూ చలిలో నిలబడ్డారు, గట్టు మీద హాస్పిటల్లో నా పై డాక్టర్, కన్సల్టెంట్ హార్గ్రీవ్స్ వాచీ చూసుకుంటున్నాడు, ఇంకాస్త ఆగండి అనడానికి నోరు రాలేదు, ఇప్పుడు ఆ జడ పక్కనుంచే నీళ్ళు లోపలికి దిగుతున్నాయి, సూదంత సన్నగా, వెన్ను పొడుగునా, నడుం దగ్గర కాసేపు ఆగి అక్కణ్ణించి కాళ్ళలోకి, ఒంటికి తడి తగలకుండా ఉండటానికే కదా ఈ సూట్ ఇచ్చింది, నా మొహం.

ఏరంతా తెల్లగా గడ్డకట్టి ఉంది, మధ్యలో వాళ్ళు రంపంతో కోసిన కన్నంలో నేను, మోచేతులు మంచు అంచు మీద ఆనించి, నడుముకి కట్టిన తాడు గట్టు దాకా, మునిగిపోతానన్న భయం లేదు, మంచులో పడ్డవాళ్ళని ఎలా పైకి లాగాలో ప్రాక్టీసు చేస్తున్నారు, బొమ్మని వేస్తే లాభం లేదు, మనిషే కావాలి అని హాస్పిటల్‌కి కబురు పెట్టారట, క్యాజువాలిటీ నోటీసు బోర్డు మీద కాగితం వారం రోజులు అలాగే ఉంది, ఒక్కడూ పేరు రాయలేదు, తెలివైనవాళ్ళు, అప్పుడు హార్గ్రీవ్స్ కారిడార్‌లో ఆపి పద్మినీ యూ వుడ్ బీ మార్వెలస్ అన్నాడు, ఆగస్టులో నా కాంట్రాక్టు అయిపోతుంది, ఆ పై ఉద్యోగానికి ఆయనే రెఫరెన్స్ రాయాలి, కానీ దొంగ మాటలెందుకు, రెఫరెన్స్ గొడవ లేకపోయినా సరేననేదాన్నే, క్రిస్మస్ డ్యూటీలన్నీ తెచ్చి నా నెత్తిన పెట్టినప్పుడూ సరేనన్నాను, పెళ్ళిచూపుల్లో అమ్మ మా పద్మిని నోట్లో నాలుక లేని పిల్లండీ అని గొప్పగా చెప్పుకుంది, అవతల వాళ్ళు మురిసిపోయి ఆ వారమే తాంబూలాలు పుచ్చుకున్నారు.

వస్తున్నారు, నిచ్చెనని మంచు మీద పడుకోబెట్టి దాని మీద పాక్కుంటూ ఇద్దరు, హలో మేడమ్ భయపడకండి అంటున్నారు నాటకంగా, నేను అరవాలి, అదీ నా పాత్ర, హెల్ప్ అన్నాను, ఎంత మర్యాదగా అన్నానంటే వాళ్ళకే నవ్వొచ్చింది, చంకల కింద చేతులేసి లాగారు, ఓరి నాయనో, చూడ్డానికి పిట్టలా ఉంది, ఏం బరువు ఏం బరువు అన్నాడొకడు, అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, ఆ బరువంతా నా కాళ్ళలో నిండిన నీళ్ళని నాకొక్కదానికే తెలుసు, గట్టు దాకా లాక్కుపోకుండా మంచు మీదే ఆపారు, కాలిన్ గట్టు మీద నుంచి కేకేశాడు, డాక్టర్, ఓకేనా, ఇంకోసారి దిగుతారా, అప్పుడు చెప్పొచ్చు, ఇంతకన్నా మంచి అదను దొరకదు, చెప్పడానికి నోరు తెరిచాను, బొటనవేలు పైకెత్తి చూపించాను.

రెండోసారి ఒళ్ళంతా వణుకు, పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి, వణకనీ, వణికితే మంచిదే, ఒంట్లో వేడి ఇంకా పోరాడుతోందని లెక్క, ఈసారి నీళ్ళు కొట్టే హోస్ పైపులో గాలి నింపి పొడుగ్గా తేలేలా చేసి తోస్తున్నారు, అది వంకరపోతోంది, వెనక్కి లాగి మళ్ళీ తోస్తున్నారు, ఎంతసేపయ్యా, సాయంత్రం మా ఆయన రామ్మోహన్ ఆఫీసు వాళ్ళు ఎనిమిదిమంది భోజనానికి, మొన్న ఆదివారం వెంబ్లీలో మనవాళ్ళ కొట్లకి వెళ్ళి తెచ్చిన వంకాయలు ఫ్రిజ్‌లో ఉన్నాయి, నీకు కుదరకపోతే టేకవే తెప్పిస్తాలే అన్నాడు పాపం, నేనే ఫర్వాలేదు చేసేస్తాను అన్నాను, ఇలా ఏట్లో దిగుతున్నానంటే మంచం మీద నుంచి మానస మమ్, దట్స్ వికెడ్ అంది, భలే అని దాని భాషలో, దానికి ఏడేళ్ళు, వాళ్ళమ్మ ఏట్లో దూకితే ఫైర్ ఇంజన్ వస్తుందని బళ్ళో అందరికీ చెప్పుకుంటోంది, నాకు ఈత రాదని దానికి తెలీదు, కాలిన్‌కీ తెలీదు, అడిగితే చెప్పేదాన్నేమో, ఏమో.

మూడోసారి మీరు స్పృహలో లేరు, అన్నాడు కాలిన్, ఏం అడిగినా పలకొద్దు, మమ్మల్ని పట్టుకోవద్దు, ఒళ్ళు వదిలేయండి, నిజంగా ఏదైనా అయితే ఛాతీ మీద విజిల్ ఉంది ఊదండి, సరేనా, సరే, అందుకే ఇప్పుడు తల పక్కకి వాల్చి కళ్ళు మూసుకున్నాను, హాయిగా ఉంది, వణుకు ఆగిపోయింది, వెచ్చగా కూడా ఉంది, తెనాలిలో మధ్యాహ్నం పూట మేడ మీద ఎండలో తల ఆరబెట్టుకున్నట్టు, ఆగు, వణుకు ఆగిపోయింది, పద్మినీ, వణుకు ఎప్పుడు ఆగుతుంది, ఎంబీబీఎస్ పిల్లలకి నువ్వే చెబుతావు కదా, ఒంట్లో వేడి ముప్ఫై రెండు డిగ్రీలకి దిగితే ఆగుతుంది, తర్వాత వెచ్చగా అనిపిస్తుంది, తర్వాత నిద్ర, తర్వాత గుండె, విజిల్, విజిల్ ఎక్కడ, వేళ్ళు వంగడం లేదు, చెయ్యి మంచు మీద ఎవరిదో చెయ్యిలా పడి ఉంది.

గట్టు మీద హార్గ్రీవ్స్ నవ్వు వినిపిస్తోంది, వాట్ ఎ పర్ఫార్మెన్స్ అంటున్నాడు, నిజంగా పోయినట్టే ఉంది చూడండి అంటున్నాడు, ఎవరో చప్పట్లు కొట్టారు, నన్ను చూసి నవ్వుతున్నారు గానీ వాళ్ళలో చెడ్డవాడెవడూ లేడు, నాకు పదేళ్ళప్పుడు బడిలో పడి కుడి మణికట్టు విరిగింది, ఇంట్లో అక్క పెళ్ళి హడావిడి, రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు, పంక్తిలో ఎడమ చేత్తో తింటున్నానని నాన్న మొట్టికాయ వేశాడు, దించిన తల ఎత్తకుండా అలాగే తిన్నాను, తర్వాత చెయ్యి వాచిపోవడం చూసి నాన్న ఏడ్చాడు, చెప్పొచ్చు కదే పిచ్చిదానా అని ఒకటే ఏడుపు, ఆయన ఏడుస్తున్నాడని నాకు బాధేసింది, నిద్రొస్తోంది, నాన్నా కాసేపు పడుకుంటాను.

ఎవరిదో మొహం, ఎర్ర మీసాలు, మంచు మీద బోర్లా పడుకుని నా దాకా పాక్కుంటూ వచ్చాడు, హలో, వినిపిస్తోందా, అంటున్నాడు, పలకొద్దన్నారు, ఒళ్ళు వదిలేయమన్నారు, సరే అన్నాను కదా, ఒప్పుకున్నాక మాట తప్పితే బాగుంటుందా, మళ్ళీ మొదటినుంచి చెయ్యాల్సి వస్తుంది వీళ్ళకి, ఛీ ఛీ, చచ్చిపోతూ ఏమిటే ఈ లెక్కలు, మానస, మూడున్నరకి బడి దగ్గర నిలబడి ఉంటుంది, నేను రాకపోతే అదీ నాలాగే తన కష్టం ఎవరితోనూ చెప్పదు, నా కూతురు కదా, గేటు దగ్గర అలా నిలబడే ఉంటుంది, లే, లేవవే, పనిచెయ్యని చెయ్యి వదిలేసి మోచేతిని ఆయన మెడ చుట్టూ వేసేశాను, మీరు స్పృహలో లేరు కదమ్మా, పట్టుకోకూడదు, అన్నాడు నవ్వుతూ, నేను వదల్లేదు, నాలుక మొద్దుబారి మాట ముద్దగా వచ్చింది, బాలేదు, నీళ్ళు, లోపల, నిజంగా బాలేదు, అన్నాను, ఇంగ్లీషులో అన్నానో తెలుగులో అన్నానో తెలీదు, ఆయన నా పెదాల వంక చూశాడు, నవ్వు ఆగిపోయింది.

ఆయన నా ఛాతీ మీది విజిల్ లాక్కుని ఊదాడు, చెవులు పగిలేలా, గట్టు మీద అందరూ ఒక్కసారిగా కదిలారు, టీ కప్పులు కింద పడేసి, స్ట్రెచర్ అని ఎవరో, అంబులెన్స్ అని ఎవరో, హార్గ్రీవ్స్ ఆ నున్నటి బూట్లతోనే మంచు మీదకి దిగబోతే కాలిన్ ఆయన కాలరు పట్టుకుని ఆపాడు, నన్ను పైకి లాగుతున్నారు, నెమ్మదిగా లాగాలి, నిలబెట్టకూడదు, పడుకోబెట్టాలి, కుదిపితే గుండె ఆగిపోవచ్చు, అది నేనే చెప్పాలి వాళ్ళకి, నోరు తెరిచాను, ఇంతమంది నా కోసం పరిగెత్తుకొస్తున్నారు, ఎన్ని పనులు చెడగొట్టానో, సారీ, అన్నాను, ఐయామ్ సో సారీ, మళ్ళీ సారీ, అదొక్కటే వస్తోంది ఆ నోట్లోంచి, పడుకోబెట్టండి అన్న ముక్క రావడం లేదు, పాపం వీళ్ళంతా నన్ను ఏట్లోంచి లాగేస్తే సరిపోతుందనుకుంటున్నారు, ఈ సారీయే నన్ను చంపుతుంది, ఇవాళ కాకపోతే ఇంకో రోజు.