సాముయేలు డాక్టరుగారి కోసం మూడు ఊళ్ళు

సాముయేలు డాక్టరుగారు ప్రభువునందు నిద్రించిన మర్నాడే ఆయన కోసం మూడు ఊళ్ళు పోటీపడ్డాయి.

తెనాలి నుంచి జర్మనీ వచ్చి ఆయన ముప్ఫై ఏళ్ళు కాన్పులు చేసింది ష్వైన్‌ఫర్ట్‌లో. భార్య సమాధి ఇక్కడే ఉంది కదా అన్నారు ఆ చర్చివాళ్ళు. బ్యోబ్లింగెన్‌లో ఆయన మొదలుపెట్టిన తెలుగు సహవాసానికి ఇప్పుడు రవీంద్రనాథ్ పెద్ద. "మేరీ అక్కా, అయ్యగారు మా మనిషండీ. భూస్థాపన ఇక్కడే జరగాల" అని డాక్టరుగారి కూతురికి ఫోన్ చేశాడు. ఆయన చివరి రోజులు గడిపిన బెర్లిన్‌లో కౌశల్ అనే విద్యార్థి ఆమె ముందు ఏడ్చేశాడు. "రూమ్ దొరక్కపోతే ఆయనింట్లోనే ఉన్నాం ఆంటీ. ఇక్కడే ఉంచండి."

"నాన్న పోయిన ఇంట్లో ఈ తగువేంటి?" అని కూతురు మేరీకుమారి కుమిలిపోయింది. సమాధుల తోటలో టెర్మిన్, అంటే భూస్థాపన తేదీ, సాయంత్రంలోగా ఖాయం చేయాలి.

వేల్స్‌లో పాత చర్చిల మరమ్మతు పని నేర్చుకుని వచ్చిన ఆమె కూతురు సూజీ పక్కన కూర్చుంది.

"అమ్మా, అక్కడ టెయ్‌లో అని ఒక సెయింట్. ఆరో శతాబ్దం. ఆయన పోతే మూడు చర్చిలవాళ్ళు బాడీ మాదంటే మాదని పట్టుబట్టారంట. ప్రేయర్ చేసి పడుకున్నారు. తెల్లారి చూస్తే మూడు బాడీలు! అచ్చం ఒకేలా."

"నమ్మమంటావా?"

"నమ్మకపోయినా ఫర్లేదు. కానీ ఆయన పేరుతో ఎన్ని చర్చిలో! ఒకటి వరదలకి పాడైపోతుంటే రాయి రాయీ విప్పి మ్యూజియంలో మళ్ళీ కట్టారు. ఆ గోడ నేను ముట్టుకున్నా. ఇన్ని వందల ఏళ్ళైనా ఆయన్ని వదల్లేదమ్మా. వీళ్ళదీ తగువు కాదు. తాతయ్య మావాడు అంటున్నారు, అంతే."

మేరీకుమారి కళ్ళు తుడుచుకుని మూడు ఊళ్ళవాళ్ళకీ తనే కబురు చెప్పింది. "మట్టి ష్వైన్‌ఫర్ట్‌లోనే, అమ్మ పక్కన. మోసేది మాత్రం మీరందరూ."

భూస్థాపన రోజు సమాధుల తోట నిండిపోయింది. పెట్టెకు ఒక పక్క రవీంద్రనాథ్, ఇంకో పక్క కౌశల్. వెనక, డాక్టరుగారి చేతుల్లో పుట్టి ఇప్పుడు తలలు నెరుస్తున్న జర్మన్లు. బ్యోబ్లింగెన్ ఆడవాళ్ళు తెలుగు కీర్తన ఎత్తుకున్నారు. తెలుగు రానివాళ్ళు రాగం కలిపారు.

కుటుంబం తరఫున ఎవరైనా మాట్లాడతారా అని పాస్టర్ అడిగాడు. మేరీకుమారి ముందుకొచ్చి నిటారుగా నిలబడింది.

"నేను సాముయేలు డాక్టరుగారి కూతుర్ని" అంది, జర్మన్‌లో ఒకసారి, తెలుగులో ఒకసారి. అంతకంటే చెప్పాల్సిందేమీ లేదనిపించింది.