టేపులో పలకని పేరు

జొన్నపిండి చేతులు కడుక్కొని సుమిత్ర ఉత్తరం అందుకునేలోపే భర్త రామ్‌కిషన్ దాన్ని విప్పి పైకి చదివాడు. హైదరాబాదులో గుడ్డిపిల్లల కోసం పుస్తకాలను టేపుల్లోకి ఎక్కించే సంఘం వాళ్లు రాసింది. "సుమిత్ర గారికి, మీ గొంతంటే మా పిల్లలకు ప్రాణం. కాని మీరు చదివి పంపిన నవలలో పెద్దన్న పేరు ఒక్కచోటా పలకలేదు. అంతటా 'ఆయన' అన్నారు. ఏ ఆయనో తెలియక పిల్లలు తికమకపడుతున్నారు. పేరుతో మళ్లీ చదవండి. వీలుకాకపోతే టేపురికార్డరు తిప్పి పంపండి."

నవలలో ఆ పెద్దన్న పేరు కూడా రామ్‌కిషనే.

"మొగని పేరు నోటితోని ఎట్ల పలుకుతది? నా కొడుకు ఆయుష్షు తగ్గదా?" అంది అత్త మహాదేవమ్మ రొట్టె తుంచుకుంటూ. "ఆ డబ్బ వాపస్ ఇచ్చెయ్."

"గంత ఫికరెందుకే అమ్మా," రామ్‌కిషన్ నవ్వాడు. "ఇంకో పేరు పెట్టి చదువుతది. గుడ్డోళ్లు పుస్తకం తెరిచి చూస్తరా ఏంది?"

ఆ నవ్వు సుమిత్రకు కొత్త కాదు. మూడేళ్ల కిందట టీవీ నాటకంలో ఆమెకు వేషం దొరికితే జహీరాబాదు బస్టాండు దాకా పెట్టె మోసింది అతనే. నాటకం వచ్చిన సాయంత్రం వాడకట్టంతా పక్కింటి రహమతున్నీసా ఇంట్లో టీవీ ముందు కూర్చుంది. తెరమీద సుమిత్ర విధవ. బోసి నుదురు, బోడి చేతులు. బియ్యం చెరుగుతూ ఆమె తలెత్తి చూసిన ఒక్క చూపుకు రహమతున్నీసా కొంగు నోట్లో కుక్కుకుంది. మహాదేవమ్మ మాత్రం "నా కొడుకు బతికుండంగనే ముండమోసినవా!" అని లేచి, అందరి ముందూ కోడలికి కుంకుమ దిద్ది, మొగుడి కాళ్లు మొక్కమంది. అతను ఇదే నవ్వుతో కాళ్లు చాపి కూర్చున్నాడు. మొక్కింది. అంతటితో తెర బందు. ముఖం కనబడదు, పైగా పుణ్యం వస్తుందని టేపుల్లో చదివే గొంతుకు మాత్రం ఒప్పుకున్నారు.

మధ్యాహ్నం గిన్నెలు తోమి, తలుపు మూసి, ఫ్యాను ఆపి టేపు ముందు కూర్చుంది. ప్రతి టేపూ ఒకే మాటతో మొదలవ్వాలి: "చదువుతున్నది సుమిత్ర." ఈ ఇంట్లో ఆమె 'ఏయ్', 'ఇగో'. పెళ్లయిన ఈ పదేళ్లలో తన పేరు తన చెవిన పడింది ఈ టేపులోనే. డబ్బ పోతే అదీ పోతుంది. దొంగపేరు పెట్టి చదివితే డబ్బ మిగులుతుంది. కాని కళ్లున్నవాళ్లయితే అనుమానం వచ్చినప్పుడు పుస్తకం తెరిచి చూసుకుంటారు. ఆ పిల్లలకు ఆమె నోరే పుస్తకం. పేరు పలికితే ఎవరి ఆయుష్షూ తగ్గదని చదువుకున్న బుర్రకు తెలుసు. పదేళ్లు వంగిన నాలుకకు తెలియదు. నాలుగుసార్లు నోరు తెరిచి మూసింది. చెయ్యి తనంతట తానే పుస్తెలను పట్టుకుంది. చెయ్యి వదిలించుకుని బటన్ నొక్కింది.

"చదువుతున్నది సుమిత్ర."

"ఏయ్, చాయ్!" వసారాలోంచి మొగుడి కేక. టేపు ఆపలేదు. కేకా అందులోకి ఎక్కింది. నవల మొదటి వాక్యాన్ని ఒక్క అక్షరమూ మింగకుండా, వసారా దాకా వినబడేలా చదివింది:

"రామ్‌కిషన్‌కు భార్య గొంతు వినే అలవాటు లేదు."