రికార్డులో లేని మగగొంతు

టైలరమ్మ పాడిన తొలి రెగే పాటల రికార్డు బయటికొచ్చి వారమైంది. రెండోదీ ఇదే తీరులో చేద్దామా వద్దా, మీవాళ్లను అడిగి ఐదింటికల్లా చెప్పమన్నాడు కంపెనీ మేనేజరు. ఇప్పుడు నాలుగున్నర. ఆమె తన కుట్టుకొట్టులో ఉన్నవాళ్లనే అడిగింది.

“కాళ్లు ఆగితే ఒట్టు!” అంది రోజూ వచ్చే నర్సు.

“నా చెవిలో జోరీగ దూరినట్టుంది,” అన్నాడు కటింగ్ మాస్టరు, కత్తెర ఆపకుండానే.

అంతలో బావ ఫోన్ చేశాడు. “గుండె పిండేశావు మరదలా! ఇంతకీ ఆ పాడినాయన ఎవరు?”

“ఏ ఆయన బావా? అందులో పాడింది నేనొక్కదాన్నే!”

కొలతల టేపు మెడలో ఉండగానే పక్కవీధికి పరుగెత్తింది. బావ గదిలో రికార్డు బద్ధకంగా తిరుగుతూ మగగొంతుతో పాడుతోంది. స్పీడు మీట ముప్పైమూడు మీద ఉంది.

“లేబుల్ చూడలేదా? ఇది నలభైఐదు మీద తిప్పాలి!”

“పెద్ద రికార్డంటే ముప్పైమూడే కదే?”

ఆమె మీట జరిపింది. తన గొంతు వినిపించగానే బావ మొహం వాడిపోయింది. “ఏమనుకోకు మరదలా, ఆయనే బాగా పాడాడు.”

ఉక్రోషంగా మీట వెనక్కి నెట్టింది. బరువైన ఆ గొంతు మళ్లీ మొదలైంది. ఆమె చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి.

ఆమె ఫోన్ మోగింది. మేనేజరు.

“ఏమన్నారమ్మా మీవాళ్లు?”

“ఒక్కరికి ప్రాణంగా నచ్చింది సార్. కానీ అది నేను పాడినట్టు లేదు. మీరూ స్పీడు తగ్గించి ఒకసారి వినండి. తర్వాత ఏం చేయాలో మీరే నాకు చెప్పండి.”