ఆరని తలుపు

పొద్దున లేవగానే ఆ ఇంట్లో అందరూ ముందు హాల్లో గోడమీదున్న, ఇంటాయన గీసిన కొండ బొమ్మని చూసేవారు. అసలు కొండ మీద మంచు పడితే బొమ్మలోనూ పడేది. అక్కడ వాన కురిస్తే ఫ్రేము కింద నేల తడిసేది. ఆడపడుచు గుడ్డ తెచ్చి తుడుస్తూ, "అన్నయ్యా, నీ కొండ మళ్లీ కారుతోంది" అని సణిగేది. బొమ్మలో కొత్తగా ఏది వేస్తే అక్కడా అది వెలిసేది. ఒకసారి ఆయన వాగు మీద చెక్క వంతెన వేస్తే, మర్నాడే ఫారెస్టు గార్డు ఫోన్ చేసి చెడామడా తిట్టాడు. "రంగు ఆరలేదని ఒక్క మాట చెప్పాలి కదా సార్! బూట్లు రెండూ మీ వంతెనకే అతుక్కుపోయాయి. వట్టి కాళ్లతో ఇల్లు చేరాను."

మొగుడూ పెళ్లాం ఇద్దరూ కొండలు గీసేవాళ్లే. ఒకే బడిలో బొమ్మలు నేర్చుకున్నారు కాబట్టి ఆవిడ ఆయన్ని "నువ్వు" అనే అనేది. అత్తగారికి ఆ సంగతి కడదాకా మింగుడు పడలేదు. ఆవిడ తన బొమ్మల్లో కొండ పక్కన చీమంత మనిషిని పెట్టేది, కొండ ఎంత పెద్దదో చూసేవాళ్లకి తెలియాలని. ఆయన మాత్రం ఎప్పుడూ మనిషిని గీయలేదు. కొండ దగ్గర మనిషికేం పని అనేవాడు. ఏటా అక్కడికి వెళ్లి, కళ్లారా చూసొచ్చి, హాల్లో బొమ్మకి మెరుగులు దిద్దుకునేవాడు.

ఆ ఏడు ఆయన సంచీ సర్దుకుంటుంటే ఆవిడ బ్రష్ కోసం ఇల్లంతా వెతుకుతోంది. అది ఎప్పటిలాగే ఆవిడ కొప్పులోనే ఉంది. ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆవిడకి ఒళ్లు మండింది.

"ఇన్నేళ్లలో నన్నొక్కసారైనా గీశావా?"

"నువ్వు కదలకుండా ఎప్పుడు కూర్చున్నావే, గీయడానికి?"

"సరే పో. ఆ కొండనే కట్టుకో."

ఆవిడ అటు తిరిగిపోయింది. ఆయన గుమ్మంలోంచి ఆ కొప్పు వంక ఒకసారి చూసి, తలుపు మెల్లగా దగ్గరికి వేసి వెళ్లిపోయాడు. ఆవిడ వీధిలోకి వచ్చి చూడలేదు.

వారం తిరిగేసరికి బొమ్మలోంచి వచ్చే గాలికి కర్టెన్లు నిలవడం మానేశాయి. సోఫా మీద మంచు పేరుకుంది. ఆడపడుచు స్వెట్టరు వేసుకుని చీపురు పట్టుకుంది. అప్పుడు ఆవిడ చూసింది, కనుమకి కింద గోధుమరంగు చుక్క. అది ఆయన కోటు. నాలుగడుగులు వేసి ఆగుతోంది, మళ్లీ కదులుతోంది.

ఆవిడ వెంటనే గార్డుకి ఫోన్ చేసింది. "రోడ్డు పూడిపోయిందమ్మా. మంచు తీసేదాకా మేం పైకి వెళ్లలేం. ఆ చుట్టుపక్కల తల దాచుకోవడానికి ఒక్క గుడిసె కూడా లేదు."

ఆవిడ కొప్పులోంచి బ్రష్ లాగింది.

చుక్కకి కొంచెం ఎగువన చెక్కగుడిసె వేసింది. లోపల పొయ్యి ఉందని తెలిసేలా పొగగొట్టం పెట్టింది. గాలి దూరకూడదని గోడల సందులు పూడ్చింది. ఎంత గాలికీ ఊడకూడదని తలుపుకి మాత్రం బ్రష్ పక్కన పెట్టి, రంగు కత్తితో దట్టంగా మెత్తింది. పల్చగా వేసుంటే పొద్దు వాలేలోపు ఎంతోకొంత ఆరేది. ఆ సంగతి కత్తి కింద పెట్టాక తోచింది.

"వదినా, జుట్టు ఆరబెట్టుకునే మిషన్ తెస్తా ఉండు!" అని ఆడపడుచు పరిగెత్తింది. వేడిగాలి తగలగానే గుడిసె పైనున్న మంచు కదిలింది.

"ఆపు! కొండ జారుతోంది!"

ఇక ఏం చేస్తుంది? బొమ్మకి మొహం ఆనించి, ఆ తలుపు మీద నోటితో ఊదుతూ నిలబడింది. చుక్క గుడిసె వైపే వస్తోంది. అంతలో తెల్లటి తెర దిగింది. అది విడేసరికి కొండ మీద ఎక్కడా చుక్క లేదు.

రోడ్డు తెరిచాక గార్డే ఆయన శవాన్ని ఇంటికి తీసుకొచ్చాడు. ఆవిడ అడిగింది ఒకటే మాట. "గుడిసె దాకా చేరాడా?"

గార్డు తన బూట్ల వంక చూసుకున్నాడు. "లేదమ్మా. దారిలోనే."

ఆవిడ బొమ్మలు మానేసింది. చాలాసార్లు టర్పెంటైన్ గుడ్డ పట్టుకుని గుడిసె తుడిచేయబోయింది. ప్రతిసారీ ఆడపడుచు చెయ్యి పట్టుకుంది. "ఉండనీ వదినా. ఎవరికైనా పనికొస్తుంది."

మరుసటి చలికాలం చివర్లో ఒక అమ్మాయి వచ్చింది, గార్డు దగ్గర చిరునామా కనుక్కుని. కొండలెక్కే పిచ్చి ఉన్న పిల్ల. తుఫాన్లో అన్నాచెల్లెళ్లిద్దరూ చిక్కుకుపోతే ఆ గుడిసె కనబడిందట. పొయ్యి వెచ్చగానే ఉందట.

"ఇవాళ మా అన్నయ్య బతికున్నాడంటే మీ చలవేనండీ." ఆ పిల్ల కళ్లు తుడుచుకుని, అంతలోనే ఆసక్తిగా అడిగింది. "అవునూ, ఆ తలుపు మీద బొమ్మ కూడా మీరే గీశారా?"

"ఏ బొమ్మ?"

"తలుపు మీద చెయ్యి నొక్కిన అచ్చు ఉందండీ, వేళ్లు లోపలికి దిగిపోయినట్టు. దాని పక్కనే గోటితో గీశారు ఒకావిడని. మొహం లేదు, వెనక్కి తిరిగి ఉంది. పెద్ద కొప్పు, అందులో గుచ్చిన పుల్ల ఏదో ఉంది."

గార్డు బూట్ల వంక ఎందుకు చూసుకున్నాడో ఆవిడకి ఇప్పుడు అర్థమైంది. ఆయన తలుపు దాకా వచ్చాడు. రంగు ఆరక అతుక్కుపోయిన తలుపే తెరుచుకోలేదు. ఆ పచ్చి రంగు తాకగానే ఎవరి చేతి పనో పోల్చుకుని ఉంటాడు. ఆవిడ గుండె పగిలేలా ఏడ్చింది. పాపం, ఏం తప్పు మాట్లాడానో అని ఆ పిల్ల బిక్కచచ్చిపోయింది.

ఆ పిల్ల వెళ్లాక ఆవిడ లోపలికెళ్లి ఎండిపోయిన బ్రష్ వెతికి కొప్పులో గుచ్చుకుంది. కుర్చీ తెచ్చి బొమ్మకి ఎదురుగా వేసుకుని, కదలకుండా కూర్చుంది.