ఒకే మూకుడు, రెండు మొక్కులు

సాలూరులో లారీ ఉన్నవాడు లారీ తిప్పుకుంటాడు, లేనివాడు ఎవడి లారీకో టైరు మార్చి బతుకుతాడు. రెండూ చెయ్యని మగాడు ఊరు మొత్తానికి ఒక్కడే, వాడు తన మొగుడే అవ్వాలా అని ఈశ్వరికి ఒళ్లు మండిపోయేది. మురళీమోహన్ బుకింగ్ ఆఫీసులో గుమాస్తా పని మానేసి, మంచం మీద కూర్చుని ఫోన్‌లో పామాయిల్ వ్యాపారం చేస్తున్నాడు. నూనె చుక్క చేతికంటని నూనె వ్యాపారం! ధర పెరుగుతుందని పందెం కాస్తాడు, పెరిగితే లాభం. దాన్ని పందెం అంటే మాత్రం ఊరుకోడు. 'పొజిషన్' అనాలట.

ఈశ్వరి లారీ స్టాండు దగ్గర బండి మీద పునుగులు వేస్తుంది. ఆ మూకుడు కాగితేనే ఇంట్లో అన్నం ఉడుకుతుంది. హమాలీలు పొద్దున్నే ఓ పొట్లం పునుగులు తిని బస్తా ఎత్తితే మధ్యాహ్నందాకా వాళ్లకి అదే తిండి.

లేవగానే మొగుడూ పెళ్లాలిద్దరూ శ్యామలాంబ పటం ముందు చేతులు జోడించేవాళ్లు. నూనె ధర దిగాలని ఆవిడ, ఎక్కాలని ఆయన. అమ్మవారు మాత్రం ఎవరి మాటని వింటుంది? ఆయన మాటే వింది. మలేషియాలో ఎవరో భయపడ్డారట, డాలరు లేచిందట, రూపాయి కూలబడిందట. చూస్తూండగానే నూనె ప్యాకెట్టు అందనంత ఎత్తుకి పోయింది.

"సూసినావా ఒసే! పెరిగిపోనాది!" అని మంచం మీదే గంతులేశాడు మురళీమోహన్.

"పెరిగిపోనాది. నా మూకుట్లో తగ్గిపోనాది," అంది ఈశ్వరి. "హమాలీ గంగులు సగం పొట్లంతోనే లెగిసిపోనాడు. ఆడెత్తే బస్తా బరువేటి తగ్గలేదు గదా?"

"లాభం రానీవే, నీకు కొత్త బండి సేయిస్తాను."

"అయితే తియ్యి, ఆ లాభం."

"ఇప్పుడే తియ్యకూడదే. ఇంకా పెరుగుతాది." పైగా ఆ నవ్వొకటి, మొద్దు పిల్లలకు లెక్కలు చెప్పే మాస్టారి నవ్వు.

ఈశ్వరి పునుగు సైజు తగ్గించింది. పొట్లం అందిస్తుంటే సిగ్గుతో తలెత్తలేకపోయింది. హమాలీలు తినేసి బస్తాల దగ్గరికి వెళ్లిపోయారు, నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది. సిగ్గుపడాల్సిన పెద్దమనిషి ఇంట్లో ఫ్యాను కింద కాళ్లూపుతున్నాడు.

ఓ సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆ కాళ్లు ఆగిపోయి ఉన్నాయి. "పడిపోనాదే," అన్నాడు తల పట్టుకుని. "మొత్తం ఊడ్సుకుపోనాది."

పాపం అని ఒక్క క్షణం కూడా అనిపించలేదు ఈశ్వరికి. నూనె దిగిందన్నమాట! ఉన్న డబ్బు కొంగున కట్టుకుని నరసింగరావు నూనె కొట్టుకి పరుగెత్తింది. ఆయన తలెత్తకుండా పెరిగిన ధరే చెప్పాడు.

"మలేసియాలో పడిపోనాదట గదా బాబూ?"

"అయితే అక్కడే కొనుక్కో. నాది పాత సరుకు."

ధర పెరిగిన రోజున అదే గోడౌన్లో సరుకు గంటలో కొత్తదైపోయింది. ఇప్పుడు దిగేసరికి దానికి ముసలితనం వచ్చింది. ఈశ్వరి అతని మొహం మీద ఉమ్మకుండా వచ్చేసింది, అదే ఎక్కువ.

ఆ ధరకి కొంగులో డబ్బు చాలక మర్నాడు నూనె లేదు. ఇంట్లో మొగుడి మొహం చూడలేక ఖాళీ మూకుడు పెట్టుకుని బండి దగ్గరే కూర్చుంది. మురళీమోహన్ అక్కడికీ వచ్చాడు, పక్కన గొంతుక్కూర్చుని గొంతు తగ్గించాడు.

"ఒసే ఈశ్వరీ, ఈసారి తగ్గుతాదని పెడతాను. అప్పుడు నువ్వూ నానూ ఒకే పక్కనుంటాం గదా? మూకుడు ఎలాగూ ఖాళీయే. దాన్ని అమ్మీసినామంటే..."

నోటిదాకా వచ్చిన తిట్లన్నీ మింగేసింది ఈశ్వరి. ఇంత మనిషికి అన్ని తిట్లు దండగ. అంతలో గంగులు తువ్వాలు దులుపుకుంటూ వచ్చాడు.

"ఏటప్పా, పునుగుల్లేవా?"

ఈశ్వరి మొగుణ్ణి వేలెత్తి చూపించింది.

"ఈడు తినీసినాడురా. నీయీ, నాయీ, అందరియీ తినీసినాడు. ఇప్పుడు మూకుడు కూడా కావాలట."