మనూగ్ అనే ప్రయాణికుడు

గెవోంద్ గురువు గడ్డం తీయించుకుని గంట కూడా కాలేదు. ఇస్తాంబుల్‌లోని గలాటా రేవు గాలి చెంపలకు తగులుతుంటే నలుగురిలో బట్టల్లేకుండా నిలబడ్డట్టుంది.

ఇస్తాంబుల్ అర్మేనియన్లు రెండు వర్గాలై ఒకరినొకరు సుల్తాను అధికారులకు పట్టిస్తున్న రోజులవి. చదువుకునే సన్యాసులతో కొత్త మఠం పెడతానన్నందుకు ఆయన మీద ఫిర్యాదు వెళ్ళింది. ఎనిమిది మంది శిష్యులను ఇద్దరిద్దరుగా ముందే ఓడల మీద స్మిర్నా పట్నానికి పంపేశాడు. మిగిలింది తనొక్కడే. ఒంటి మీద వ్యాపారి వేషం, చంకలో మూట. మూట అడుగున మఠం నియమాలు రాసిన కాగితాలు, వాటి మీద మెంతిముద్ద పట్టించిన ఎండు మాంసం.

పక్కన భార్యలా నడుస్తున్నది తాకూహి. రెండు వారాలు ఆయన్ని తన రొట్టెల కొట్టు అటక మీద దాచిన విధవరాలు.

"తల దించకండి గురువుగారూ, అచ్చం దొంగలా ఉన్నారు," అని గొణిగింది.

రేవు ద్వారం దగ్గర సిపాయి పక్కన బర్సేగ్ నిలబడి ఉన్నాడు. గెవోంద్ కాళ్ళు ఆగిపోయాయి. మూడేళ్ళు తన దగ్గర చదివినవాడు. కొత్త మఠం శిష్యుల్లో చేర్చుకోమని కాళ్ళు పట్టుకుంటే తను కాదన్నాడు. ఇప్పుడు మొహాలు చూసి పట్టించే పని వాడిది.

తాకూహి ఆయన్ని ఒక్క తోపు తోసి గొంతెత్తింది. "నడువయ్యా! ఓడ నీకోసం ఆగుతుందా? తిని పడుకోవడం తప్ప ఏ పనీ చేతకాదు!"

సిపాయి నవ్వి, మూట విప్పించాడు. వాసన గుప్పుమనగానే ముక్కు మూసుకున్నాడు. "కట్టెయ్, కట్టెయ్! పేరేంటి?"

"ఆయన్నడిగితే సాయంత్రమవుతుంది," అంటూ తాకూహి అందుకుంది.

"నిన్నడగలేదమ్మా."

నోరు విప్పితే గొంతును బట్టి బర్సేగ్ గుర్తుపడతాడు. అబద్ధమాడటం గెవోంద్‌కు రాదు.

"మనూగ్," అన్నాడు. సన్యాసం పుచ్చుకోకముందు అమ్మ పెట్టిన పేరు. ఇరవై ఏళ్ళుగా ఎవరూ పిలవని పేరు.

బర్సేగ్ చటుక్కున దగ్గరికొచ్చాడు. సిపాయికి అర్థం కాకుండా అర్మేనియన్‌లో అడిగాడు. "నన్నెందుకు వద్దన్నారు?"

తాకూహి ఆయన మోచేతిని గట్టిగా నొక్కింది. 'పొరపాటైంది, వచ్చెయ్' అంటే చాలు, గండం గడిచిపోతుంది.

"నీకు కోపమెక్కువ, చిన్నవాళ్ళను కొట్టేవాడివి. ఇప్పుడడిగినా వద్దనే అంటాను," అన్నాడు గెవోంద్. "కానీ ఆరోజు అందరి ముందూ నిన్ను చూసి నవ్వాను. అది తప్పు. క్షమించు."

బర్సేగ్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఏంటోయ్, తెలిసినవాడా?" అన్నాడు సిపాయి.

ఓడ మీద తాళ్ళు విప్పుతున్నారు. బర్సేగ్ సిపాయి వైపు తిరిగాడు.

"మనూగ్. మా వీధిలో ఉండేవాడు," అన్నాడు చివరికి. "పోనివ్వండి."

స్మిర్నాలో ఏడుగురే ఎదురొచ్చారు. ఎనిమిదోవాడు దారిలో పట్టుబడ్డాడు. వాడి జాడ మరి తెలియలేదు. ఆ చలికాలం ఒక అద్దె ఇంట్లో ఆ ఏడుగురూ ప్రమాణం చేశారు. మఠం పుట్టింది.

వసంతంలో తాకూహి ఉత్తరం వచ్చింది. ఆయన్ని దాచినందుకు అధికారులు కొట్టుకు తాళం వేశారట. "బుర్సాలో అక్క దగ్గరున్నాను. మళ్ళీ పొయ్యి పెట్టాను. పిండి బాగుంది, జనమే పిసినారులు." గెవోంద్ అందరికీ చదివి వినిపిస్తూ మధ్యలో ఆగిపోయాడు. మిగతాది ఒక శిష్యుడు చదివాడు.